మెలకువ మాత్రలు – మన కాలేయం



పరీక్షలు దగ్గర పడితే మా బుక్కరాయసముద్రంలో రెండు దృశ్యాలు తప్పకుండా కనిపిస్తాయి. ఒకటి, తెల్లవారుజామున చెరువుకట్ట మీద పుస్తకం పట్టుకుని అటూ ఇటూ తిరుగుతూ చదివే పిల్లలు. రెండవది, రాత్రి పన్నెండు దాటినా ఆరని దీపాలు. చాలా ఏళ్ళుగా సైన్సు పాఠాలు చెబుతున్న నేను ఈ రెండింటినీ చూసి మురిసిపోయేవాణ్ణి. "నిద్రను గెలిచినవాడే పరీక్షను గెలుస్తాడు" అని తరగతిలో అంటూ ఉండేవాణ్ణి కూడా. ఇప్పుడు ఆ మాట అనడం మానుకున్నాను. ఎందుకు మానుకున్నానో చెబుతాను, వినండి.

కొన్నేళ్ళ కిందటి మాట. పదవ తరగతిలో ఒక వేరుసెనగ రైతు కొడుకు ఉండేవాడు. తెలివైనవాడు. మార్చి నెలలో ఒకరోజు వాడు ప్రయోగశాలలో పరీక్షనాళిక పట్టుకుంటే చేతులు వణుకుతున్నాయి. కళ్ళు ఎర్రగా ఉన్నాయి.

"ఏమప్పా, చేతులు అట్ల వణుకుతాండాయే?" అని అడిగాను.

"ఏం లేదు సార్, రాత్రి మూడుదాకా చదివినా" అన్నాడు.

నేను మెచ్చుకుని, వీణ్ణి చూసి నేర్చుకోండని తక్కిన పిల్లలకు చెప్పాను. పరీక్షలు మొదలైన మూడవ రోజుకు వాడికి వాంతులు పట్టుకున్నాయి. కళ్ళు పచ్చబడ్డాయి. ఇంట్లోవాళ్ళు పసరుమందు పోయించడానికి బయలుదేరుతుంటే, వాళ్ళ నాన్న నాకు కబురు చేశాడు. ముందు రక్తపరీక్ష చేయిద్దామని నచ్చజెప్పి అనంతపురంలో ఆసుపత్రికి తీసుకుపోయాం.

డాక్టరుగారు మొదట అడిగిన ప్రశ్న ఇది: "ఈ నెలలో ఏమేం మందులు వాడినాడు?"

"ఏమీ లేదు సార్, ఎప్పుడన్నా ఒక జ్వరం మాత్ర" అన్నాడు తండ్రి.

కుర్రవాడు నా వంక చూశాడు. వరండాలోకి వచ్చాక మెల్లగా, "మీరు తిట్టనంటే ఒకటి చెప్తా సార్. నిద్ర రాకుండా ఉండేదానికి మాత్రలు మింగినా. టౌన్లో చదివే మా అన్న ఒకాయన కాగితంలో చుట్టి ఇచ్చినాడు. వాటి పేరు నాకు తెలియదు" అన్నాడు. వాటితోపాటు జలుబు మాత్రలు, జ్వరం మాత్రలు కూడా కలిపి వేసుకున్నాడట.

ఈ మాట చెప్పగానే డాక్టరుగారి ముఖం గంభీరమైంది. "నీళ్ళవల్ల వచ్చిన కామెర్లా, మాత్రలవల్ల వచ్చినవా, రెండూనా అని ఇప్పుడు వెతకాలి. మాత్ర పేరు తెలిస్తే సగం పని అయ్యేది" అన్నారు.

మెదడును మేల్కొలిపే మాత్ర గురించి అడగడానికి కళ్ళు పచ్చబడటం ఎందుకు కారణం కావాలి? మెదడు తలలో ఉంది, కాలేయం పొట్టలో ఉంది. వీటికి సంబంధం ఏమిటి? ఈ పాఠంలో తెలుసుకుందాం. ఆ అబ్బాయి సంగతి చివర చెబుతాను.

ఉత్తేజకాలు అంటే ఏవి?

కేంద్రనాడీమండలాన్ని చురుకుపరిచి నిద్రమత్తును తగ్గించే పదార్థాలను ఉత్తేజకాలు అంటారు. మనకు బాగా తెలిసిన ఉత్తేజకం కాఫీ, టీలలోని కెఫీన్. దీన్ని 1819లో జర్మనీకి చెందిన రూంగె అనే రసాయన శాస్త్రజ్ఞుడు కాఫీగింజల నుంచి వేరుచేశాడు.

ఇక మందులుగా వాడే ఉత్తేజకాలు ఉన్నాయి. ఆంఫెటమిన్‌ను 1887లో ఎడెలియాను అనే శాస్త్రజ్ఞుడు బెర్లిన్‌లో తయారుచేశాడు. 1937లో అమెరికాలో చార్లెస్ బ్రాడ్లీ అనే డాక్టరు ప్రవర్తనలో ఇబ్బందులున్న కొందరు పిల్లలకు ఈ జాతి మందు ఇచ్చి, వారికి చదువు మీద శ్రద్ధ కుదరడం గమనించాడు. లెక్కలు చక్కగా చేయగలుగుతున్నామని ఆ పిల్లలే వాటికి 'లెక్కల మాత్రలు' అని పేరు పెట్టారట! 1944లో స్విట్జర్లాండులో పనిజోన్ అనే రసాయన శాస్త్రజ్ఞుడు మెథైల్‌ఫెనిడేట్ అనే మరో మందును తయారుచేశాడు. ఆయన భార్య మార్గరీట్‌ను ముద్దుగా రీటా అనేవారు. ఆ పేరుమీదే మందుకు రిటాలిన్ అనే పేరు వచ్చింది.

ఏకాగ్రత నిలవకపోవడం, ఒక్కచోట కూర్చోలేకపోవడం కొందరు పిల్లల్లో నిజమైన జబ్బు. ఏ.డి.హెచ్.డి. అనే ఈ సమస్యకు మానసిక వైద్యులు పరీక్షించి ఇటువంటి మందులు ఇస్తారు. అవి ఆ పిల్లలకు ఎంతో మేలు చేస్తాయి. వారిని చూసి ఎగతాళి చేయడం తప్పు. కాని ఆ జబ్బు లేనివాడు పరీక్ష కోసం ఎవరి దగ్గరో తీసుకుని మింగడం పూర్తిగా వేరే సంగతి.

చెక్‌డ్యామూ, తూమూ

కాలేయం మన శరీరంలోకెల్లా పెద్ద గ్రంథి. పెద్దవారిలో సుమారు కిలోన్నర బరువు ఉంటుంది. కుడివైపు పక్కటెముకల కింద, ఉదరవితానాన్ని ఆనుకుని ఉంటుంది. నిమిషానికి దాదాపు లీటరున్నర రక్తం దీనిగుండా పోతుంది. అందులో సుమారు ముప్పావు వంతు గుండె నుంచి నేరుగా వచ్చేది కాదు. జీర్ణాశయం, పేగుల నుంచి ఆహారసారాన్ని మోసుకుంటూ కాలేయ నిర్వాహక సిర ద్వారా వచ్చేది. కనుక నోటితో మింగిన మాత్ర మెదడును చేరాలంటే ముందుగా కాలేయం గడప దాటవలసిందే!

మన జిల్లాలో ఏడాదికి సుమారు 550 మిల్లీమీటర్ల వానే సగటు. అందుకే వంకలకు అడ్డంగా ఎన్నో చెక్‌డ్యాములు కట్టారు. వంకలో వచ్చే నీరు కొంత అక్కడే ఆగి, మిగిలినది చెరువుకు చేరుతుంది. కాలేయం మొదట ఇటువంటి చెక్‌డ్యాము. మింగిన మెథైల్‌ఫెనిడేట్‌లో ఎక్కువ భాగాన్ని కాలేయంలోని ఒక ఎంజైము మొదటి ప్రయాణంలోనే మార్చివేస్తుంది. సుమారు మూడవ వంతు మాత్రమే మందుగా రక్తంలో కలుస్తుంది.

చెరువులో చేరిన నీటిని తూము కొద్దికొద్దిగా బయటికి వదులుతుంది కదా! రక్తంలో చేరిన మందు విషయంలో కాలేయం అలాంటి తూము పని కూడా చేస్తుంది. రక్తం తిరిగివచ్చిన ప్రతిసారీ మందును కొంత కొంత మార్చుతూ, నీటిలో కరిగే రూపంలోకి తెస్తుంది. ఆ తరువాత అది మూత్రంలోనో పైత్యరసంలోనో కలిసి బయటికి పోతుంది. అన్ని మందులకూ దారి ఒకటే కాదు. ఆంఫెటమిన్‌లో కొంత భాగం ఏ మార్పూ లేకుండానే మూత్రపిండాల ద్వారా వెళ్ళిపోతుంది.

చింతగింజలతో చేసి చూడండి

రక్తంలో ఉన్న మందు సగానికి తగ్గడానికి పట్టే కాలాన్ని అర్ధజీవితకాలం అంటారు. ఆరోగ్యవంతులైన పెద్దవారిలో కెఫీన్‌కు ఇది సుమారు 5 గంటలు. కాలేయం ఇంకా పక్వం కాని పసికందులో మూడు రోజులు దాటవచ్చు! కాలేయం గట్టిపడే జబ్బు ఉన్నవారిలోనూ ఈ కాలం బాగా పెరుగుతుంది.

ఒక డబ్బా నిండా చింతగింజలు, ఒక పళ్ళెం తీసుకోండి. పళ్ళెం మన రక్తం. 64 గింజలు ఒక మోతాదు మందు. పళ్ళెంలో 64 గింజలు వేయండి. తూము బాగా పనిచేస్తోందనుకుని అందులో సగం తీసివేయండి. మళ్ళీ 64 వేయండి. ఇలా సగం తీస్తూ, 64 వేస్తూ పోతే, వేసిన ప్రతిసారీ పళ్ళెంలో ఉండే గింజలు 64, 96, 112, 120, 124 అవుతాయి. ఎన్నిసార్లు చేసినా 128 దాటవు. చెరువు ఒక మట్టం దగ్గర నిలిచిందన్నమాట.

ఇప్పుడు తూముకు చెత్త అడ్డుపడిందనుకోండి. సగం బదులు నాలుగవ వంతు మాత్రమే తీసివేయండి. లెక్క 64, 112, 148, 175, 195 అవుతుంది. ఇంకా పెరుగుతూ 256కు దగ్గరవుతుంది. మోతాదు మారలేదు. అయినా రక్తంలో మందు రెట్టింపయింది!

తూముకు చెత్త ఎలా అడ్డుపడుతుంది? కాలేయపు జబ్బు ఒక కారణం. మరొక మందు కూడా కారణం కావచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్ అనే యాంటీబయాటిక్ కెఫీన్‌ను మార్చే ఎంజైమును అడ్డుకుంటుంది. ఆ మందు వాడేటప్పుడు మామూలుగా తాగే కాఫీకే గుండె దడ రావచ్చు. పుట్టుకతోనే కొందరిలో కొన్ని ఎంజైములు నెమ్మదిగా పనిచేస్తాయి. కాబట్టి "వాడికేమీ కాలేదు, నాకెందుకవుతుంది?" అనే వాదం చెల్లదు. వాడి తూము వేరు, మీ తూము వేరు.

మందు కాలేయాన్ని ఏం చేస్తుంది?

ఇంతవరకు కాలేయం మందును ఏం చేస్తుందో చూశాం. ఇప్పుడు మందు కాలేయాన్ని ఏం చేస్తుందో చూద్దాం. ఉన్నది ఉన్నట్టు చెప్పడం సైన్సు ధర్మం. డాక్టరు చెప్పిన మోతాదులో వాడే మెథైల్‌ఫెనిడేట్, ఆంఫెటమిన్ మందులవల్ల కాలేయం దెబ్బతినడం చాలా అరుదు. కాఫీ సంగతి మరీ విచిత్రం. మితంగా కాఫీ తాగే పెద్దవారిలో కాలేయం గట్టిపడే జబ్బు తక్కువగా ఉన్నట్లు అనేక పరిశీలనలు చెబుతున్నాయి. అలాగని ఉత్తేజకాలన్నీ నిరపాయకరాలు కావు. హాని మూడు దారుల్లో వస్తుంది.

మొదటి దారి వేడి. ఆంఫెటమిన్ జాతి మందులు మోతాదు మించితే శరీర ఉష్ణోగ్రత ప్రమాదకరంగా పెరుగుతుంది. ఆ వేడికి కాలేయకణాలు చచ్చిపోతాయి. మన అనంతపురం ఎండల్లో, సరిగా నీళ్ళు తాగకుండా, తిండి నిద్ర మానేసి ఉన్న శరీరానికి ఇది మరింత ముప్పు.

రెండవ దారి కాలేయం చేతిలోనే తయారయ్యే విషం. మందును మార్చేటప్పుడు ఒక్కొక్కసారి అసలు పదార్థం కన్నా హానికరమైనది పుడుతుంది. జ్వరం మాత్రలోని పారాసిటమాల్ తగిన మోతాదులో మంచి మందు. మోతాదు మించితే కాలేయం దాన్ని మార్చేటప్పుడు పుట్టే విషపదార్థాన్ని అణచివేసే నిల్వలు అయిపోతాయి. అప్పుడు కాలేయకణాలే బలి అవుతాయి. చాలా జలుబు మాత్రల్లో కూడా పారాసిటమాల్ ఉంటుంది, కొన్నింటిలో కెఫీన్ కూడా ఉంటుంది. జలుబుకు ఒకటి, జ్వరానికి ఒకటి, ఒళ్ళునొప్పులకు ఒకటి వేసుకున్నవాడు ఒకే మందును మూడుసార్లు మింగుతూ ఉండవచ్చు!

సహజమైన పదార్థాలూ ఇందుకు మినహాయింపు కాదు. బూజుపట్టిన వేరుసెనగల్లో, మొక్కజొన్నల్లో ఉండే అఫ్లటాక్సిన్‌ను కాలేయమే మరింత హానికరమైన రూపంలోకి మార్చుతుంది. 1974లో రాజస్థాన్, గుజరాత్ రాష్ట్రాల ఆదివాసీ గ్రామాల్లో బూజుపట్టిన మొక్కజొన్న తిని వందమందికి పైగా కామెర్లతో చనిపోయారు. కారణం అఫ్లటాక్సిన్ అని పరిశోధించి చెప్పినవారు మన హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రజ్ఞులు. వేరుసెనగ పండించే మనం నల్లబడిన, ముడతలుపడిన, బూజుపట్టిన గింజలను ఏరి పారవేయాలని చెప్పేది ఇందుకే.

మూడవ దారిని ముందుగా ఊహించడం కష్టం. దానికి ఉదాహరణ పెమోలిన్.

పెమోలిన్ కథ

పెమోలిన్ కూడా ఒక ఉత్తేజకమే. అతిచురుకు పిల్లల కోసం 1975లో అమెరికా మార్కెట్టులోకి వచ్చింది. రోజుకు ఒకసారి వేసుకుంటే చాలు కనుక తల్లిదండ్రులకు వీలుగా ఉండేది. చాలామంది పిల్లలకు ఏ ఇబ్బందీ కలగలేదు. కాని కొద్దిమందిలో, ఏ ముందు సూచనా లేకుండా, కాలేయం పూర్తిగా చెడిపోయింది. కొందరు చనిపోయారు, కొందరికి కాలేయమార్పిడి చేయవలసివచ్చింది. డాక్టర్లు పంపిన నివేదికలు ఒకచోట చేర్చి చూస్తే, మామూలు జనంలో కన్నా ఈ మందు వాడేవారిలో కాలేయ వైఫల్యం 10 నుంచి 25 రెట్లు ఎక్కువగా నమోదయినట్లు తేలింది. చివరకు 2005లో అమెరికాలో ఆ మందును ఆపివేశారు.

ముప్ఫై ఏళ్ళు పట్టింది చూశారా! అరుదైన హాని వందమందిని చూస్తే కనబడదు. లక్షలమంది వాడాక, ప్రతి డాక్టరూ తాను చూసినది రాసి పంపితేనే బయటపడుతుంది. అదే జబ్బుకు వాడే అటోమాక్సెటిన్ ఉత్తేజకం కాదు. అయినా 2004లో దానిమీద కూడా కాలేయం గురించిన హెచ్చరిక చేర్చారు. పేరు, మోతాదు, వాడిన రోజులు రాసి ఉంటేనే ఈ లెక్కలన్నీ సాధ్యం. కాగితంలో చుట్టి ఇచ్చిన పేరులేని మాత్ర ఏ లెక్కకూ అందదు. అందులో ఏముందో ఇచ్చినవాడికీ తెలియదు.

మన దేశంలో ఆంఫెటమిన్, మెథైల్‌ఫెనిడేట్ మందులు షెడ్యూల్ ఎక్స్ అనే కఠినమైన జాబితాలో ఉన్నాయి. డాక్టరు చీటీ రెండు ప్రతులు రాయాలి. మందుల షాపువారు ఒక ప్రతిని రెండేళ్ళు దాచాలి. ఇంత కట్టుదిట్టం ఊరికే పెట్టలేదు.

మాట్లాడని అవయవం

మా చెరువును గురించి ఒక కథ ఉంది. కట్ట తెగబోతుంటే ముసలమ్మ అనే ఇల్లాలు ఊరికోసం ప్రాణమిచ్చిందని పెద్దలు చెబుతారు. కట్టమంచి రామలింగారెడ్డిగారు 'ముసలమ్మ మరణము' కావ్యం రాసింది ఈ కథ మీదే. కట్టకు ఎలుకబొరియంత చిల్లు పడినప్పుడే పూడ్చితే అంతటి కష్టం రాదు. కాని ఆ చిల్లు ఎవరి కంటా పడదు.

కాలేయమూ ఇంతే. కొంత దెబ్బతిన్నా మిగిలిన భాగం మొత్తం పని చేసేస్తుంది. పోయిన భాగాన్ని తిరిగి పెంచుకునే శక్తి కూడా దానికి ఉంది. ఎలుకల్లో మూడింట రెండువంతుల కాలేయాన్ని తీసివేసినా వారం పదిరోజుల్లో మునుపటి బరువుకు వస్తుందని 1931లోనే ప్రయోగం చేసి చూపారు. అందువల్ల అది చాలాకాలం నొప్పి అనదు. అది మాట్లాడేసరికి ఆకలి మందగిస్తుంది, వికారం పుడుతుంది, మూత్రం టీ డికాషన్ రంగులోకి మారుతుంది. రక్తంలో బిలిరుబిన్ మామూలుగా డెసిలీటరుకు 1 మిల్లీగ్రాముకు అటూ ఇటూ ఉంటుంది. అది 3కు చేరేసరికి కళ్ళలోని తెలుపు పచ్చబడుతుంది.

అంతకుముందే తెలుసుకునే మార్గం రక్తపరీక్ష. కాలేయకణాలు పగిలితే వాటిలోని ఎ.ఎల్.టి., ఎ.ఎస్.టి. అనే ఎంజైములు రక్తంలోకి కారతాయి. కళ్ళు పచ్చబడితే పసరుమందుతో రోజులు గడపకుండా ముందు ఈ పరీక్ష చేయించాలి. డాక్టరుకు మింగినవన్నీ చెప్పాలి. జలుబు మాత్ర, ఆకుపసరు, స్నేహితుడిచ్చిన పొట్లం, ఏదీ దాచకూడదు.

ఒక హెచ్చరిక. మీలో ఎవరైనా డాక్టరు సలహాపై ఇటువంటి మందు వాడుతుంటే ఈ పాఠం చదివి భయపడి ఆపివేయకండి. అనుమానం ఉంటే ఆ డాక్టరునే అడగండి.

ఆ అబ్బాయి ఏమయ్యాడు?

పరీక్షల్లో వాడికి వచ్చినవి హెపటైటిస్-ఎ వైరస్ కామెర్లని తేలింది. కలుషితమైన నీటివల్ల వచ్చేవి. మెలకువ మాత్రలు కారణం కాదని డాక్టరుగారు చెప్పారు. అయితే అప్పటికే వాచిన కాలేయం మీద వాడు రెండు మూడు రకాల మాత్రల భారం వేస్తూ వచ్చాడు. "ఇంకో వారం ఇట్లే వేసుకుని ఉంటే ఏమయ్యేదో చెప్పలేను" అన్నారాయన. అన్ని మాత్రలూ ఆపించి, విశ్రాంతి, తిండి, మరిగించిన నీళ్ళు చెప్పి పంపారు. నెలన్నరలో కోలుకున్నాడు. మిగిలిన పరీక్షలు సప్లిమెంటరీలో రాసి పాసయ్యాడు.

తిరిగి వచ్చాక ఒకరోజు వాణ్ణి అడిగాను, "ఆ మాత్రలతో చదివింది పరీక్షలో జ్ఞాపకం వచ్చిందా?" అని.

"కళ్ళు తెరిచే ఉన్నా సార్. పుటలు తిరగేసినా. హాల్లో కూర్చుంటే ఒక్కటీ గుర్తు రాలేదు" అన్నాడు.

అందులో ఆశ్చర్యం లేదు. పగలు చదివినదాన్ని మెదడు పదిలపరచుకునేది చాలావరకు నిద్రలోనే. మీ వయసువారికి రోజుకు 8 నుంచి 10 గంటల నిద్ర కావాలి. మాత్ర నిద్రను ఆపగలదు గాని, నిద్ర చేసే పనిని చేయలేదు. నేను ఆ రోజు వణుకుతున్న చేతులను చూసి మెచ్చుకున్నాను. ఇంకో ప్రశ్న అడిగి ఉండవలసింది. ఇప్పుడు మార్చి వచ్చిందంటే తరగతిలో పాఠం మొదలుపెట్టే ముందు "రాత్రి ఎన్ని గంటలు పడుకున్నారు?" అని అడుగుతున్నాను.

ఆలోచించండి

1. నోటితో మింగిన మందు ముందుగా కాలేయానికి ఎందుకు చేరుతుంది?
2. చింతగింజల ప్రయోగంలో ప్రతిసారీ మూడవ వంతు తీసివేస్తే, ఐదవసారి వేశాక పళ్ళెంలో సుమారు ఎన్ని గింజలు ఉంటాయి?
3. మీ ఇంట్లో ఉన్న జలుబు, జ్వరం మాత్రల అట్టలను పెద్దల సమక్షంలో చదివి, పారాసిటమాల్, కెఫీన్ దేనిదేనిలో ఉన్నాయో పట్టిక తయారుచేయండి.